అలిగిన నోటితో ఆమెన్ అనగలమా?

రాత్రి ఎనిమిదిన్నర. వంటిల్లు సర్దేశారు. పాలు తోడుపెట్టారు. గ్యాసు కట్టేశామా లేదా అని ఇంకోసారి చూసుకున్నారు. హాల్లో చాప పరిచారు. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. అమ్మాయి సెల్‌ఫోను పక్కన బోర్లా పెట్టింది గానీ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. అబ్బాయి అప్పుడే ఆవలిస్తున్నాడు. అత్తగారు మాత్రం పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు.

క్రైస్తవ కుటుంబాల్లో ఈ దృశ్యం కొత్తది కాదు. కుటుంబ ప్రార్థన అంటాం. ఒక పాట, బైబిల్లో ఒక భాగం, ఒకరో ఇద్దరో ప్రార్థన. పావుగంట పని. మీ ఇంట్లో అది సాయంత్రం దీపం పెట్టే వేళ కావచ్చు, నమాజు వేళ కావచ్చు. ఇంటిల్లిపాదీ దేవుణ్ణి తలుచుకునే ఘడియ ఒకటి చాలా ఇళ్ళలో ఉంటుంది. కాబట్టి ఇది క్రైస్తవ సోదరీమణుల కోసం రాస్తున్నదే అయినా, మిగతావాళ్ళు పేజీ తిప్పెయ్యకండి.

ఇప్పుడు నిజం చెప్పండి. ఆ చాప మీద కూర్చున్న అయిదుగురిలో ఇద్దరికి మాటల్లేవనుకోండి. ఆ ప్రార్థన ఎంతవరకు వెళుతుంది? పైకప్పు దాటుతుందా?

ఈ ప్రశ్న నేను ఏ పుస్తకంలోనో చదివి అడగటం లేదు. మా అబ్బాయి తన ఏడో ఏట అందరి ముందూ నన్ను అడిగాడు. అది చెప్పకుండా మీకు సలహాలు ఇవ్వటం న్యాయం కాదు. అందుకని ముందు మా ఇంటి రట్టే చెబుతాను.

పదకొండు రోజుల మౌనం

మా మామగారు బడిపంతులు. ఆయన పోయాక అత్తయ్యకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేది. ఒక ఏడు పాత బకాయిలన్నీ కలిపి ఒకేసారి 15,000 రూపాయలు వచ్చాయి. అప్పుడే మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరుతోంది. ఫీజు కట్టాలి. అత్తయ్య ఎంతో కొంత సర్దుతారని నేను మనసులో లెక్క వేసుకున్నాను. అడగలేదు. అడక్కుండానే ఇవ్వాలని నా ఉద్దేశం! ఆవిడేమో ఆ డబ్బంతా తీసుకెళ్ళి, ఇల్లు కట్టుకుంటున్న మా ఆడపడుచుకి స్లాబు ఖర్చుకని ఇచ్చి వచ్చారు.

నాకు తెలిసిన రోజు నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే ఒక మాట అనేశాను. "తినేది ఇక్కడ, పెట్టేది అక్కడ" అన్నాను.

అంతే. ఆవిడ పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో మా అబ్బాయి తపాలా బంట్రోతు. "నాన్నమ్మకి అన్నం పెట్టానని చెప్పు." "మీ అమ్మకి ఆకలి లేదని చెప్పు." ఇలా పదకొండు రోజులు. ఆయన సంగతి మీకు తెలిసిందే కదా! ఇలాంటప్పుడు మగవాళ్ళు పేపరు వెనక దాక్కుంటారు.

విచిత్రం ఏమిటంటే కుటుంబ ప్రార్థన మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు. ఎవరి పట్టుదల వారిది, ఎవరి భక్తి వారిది! అత్తయ్య కళ్ళు మూసుకుని, "ప్రభువా, నోటికి కళ్ళెం వేసుకునే కృప ఈ ఇంట్లో ప్రతి ఒక్కరికీ దయచెయ్యి" అనేవారు. ప్రతి ఒక్కరికీ అంటే ఎవరికో అందరికీ తెలుసు. నా వంతు వచ్చినప్పుడు నేనేం తక్కువ తిన్నానా? "తండ్రీ, పిల్లలందర్నీ సమానంగా చూసే మనసు పెద్దవాళ్ళకి ప్రసాదించు" అనేదాన్ని. ఇద్దరం దేవుడికి చెబుతున్నట్టే చెబుతూ ఒకరినొకరం పొడుచుకుంటున్నాం. మీ ఇంట్లో ఇలాంటి ప్రార్థనలు ఎప్పుడూ జరగలేదూ? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

పదకొండో రోజు రాత్రి అందరం ఆమెన్ అన్నాం. మా వాడు మాత్రం అనలేదు. ఏంట్రా అంటే, "అమ్మా, నువ్వు నాన్నమ్మతో మాట్లాడవు కదా, దేవుడితో ఎలా మాట్లాడుతున్నావ్?" అన్నాడు. వాడిది వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. చాప మడత పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కానుక అక్కడే వదిలి వెళ్ళమన్నాడు

మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో కొండమీది ప్రసంగం ఉంది. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అందులో యేసు ఒక మాట చెబుతాడు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చాక, నీ మీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలిపెట్టి, ముందు వెళ్ళి సమాధానపడి, ఆ తర్వాత వచ్చి అర్పించమంటాడు.

ఆ రాత్రి దాన్ని ఇంకోసారి చదివితే ఒక సంగతి తట్టింది. ఎవరిది తప్పో తేల్చుకుని వెళ్ళమని అక్కడ లేదు. అవతలివాళ్ళ మనసులో బాధ ఉందని గుర్తొస్తే చాలు, కదలాల్సింది మనమే. నేను పదకొండు రోజులుగా తప్పు ఎవరిదో తేల్చే పనిలోనే ఉన్నాను. డబ్బు విషయంలో ఆవిడ మాతో ఒక మాట చెప్పి ఉండాల్సింది. ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ తిండి దగ్గర అనకూడని మాట అన్నది నేను.

తెల్లవారుజామున అయిదింటికి కాఫీ కలిపి అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళాను. "అత్తయ్యా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. తప్పే" అన్నాను. సినిమాల్లో అయితే ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుని కన్నీళ్ళు పెట్టుకోవాలి. మా అత్తయ్య కాఫీ ఒక గుక్క తాగి, "పంచదార తక్కువైంది" అన్నారు.

కానీ ఆ మాట నాతోనే అన్నారు, మధ్యలో పిల్లవాడు లేకుండా. మధ్యాహ్నం గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు దూసి పెట్టారు. వారం తిరిగేసరికి, "డబ్బు సంగతి నీతో చెప్పాల్సింది" అని ఆవిడే అన్నారు. ఆ 15,000 తిరిగి రాలేదు. ఫీజుకి మేం అప్పే చేశాం. క్షమాపణ చెబితే అన్నీ సర్దుకుంటాయని నేను మీకు చెప్పను. సర్దుకున్నది ఒక్కటే. ఆ రాత్రి మా వాడు ఆమెన్ అన్నాడు.

పెద్దవాళ్ళ ఇళ్ళలోనూ ఉన్నదే!

ఇలాంటివి మనలాంటి మామూలు వాళ్ళ ఇళ్ళలోనే జరుగుతాయనుకోకండి. మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ పేరు మీరు స్త్రీల మైత్రి కూటాల్లో వినే ఉంటారు. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊళ్ళో ఆమె భర్త శామ్యూల్ గుడి గురువు. ఆమెకు 19 మంది పిల్లలు పుడితే పది మందే బతికి బట్టకట్టారు. చాలీచాలని రాబడి, మెడకు అప్పులు. అంతటిలోనూ వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడేదట.

అంతటి భక్తిపరుల ఇంట్లో గొడవ ఎక్కడ వచ్చిందో తెలుసా? కుటుంబ ప్రార్థనలోనే! 1702 ప్రాంతంలో ఒకనాడు శామ్యూల్ అప్పటి రాజు విలియం కోసం ప్రార్థన చేశాడు. ఆ సింహాసనం అతనిది కాదని సుసన్నా నమ్మకం. అందుకని ఆమె ఆమెన్ అనలేదు. దాంతో భర్త మండిపడి, పడక వేరు చేసి, ఇల్లు విడిచి లండన్ వెళ్ళిపోయాడు. నెలల తరబడి రాలేదు. చివరికి తిరిగి వచ్చాడు, కాపురం నిలబడింది. ఆ తర్వాత 1703లో పుట్టినవాడే జాన్ వెస్లీ.

ఆమె రాజకీయాలు మనకు అనవసరం. నాకు నచ్చింది ఒక్కటే. మనసులో లేని ఆమెన్‌ను ఆమె నోటితో అనలేదు. నేను పదకొండు రోజులపాటు అన్నాను.

గుప్పెడు బియ్యం లెక్క

పాత తరం క్రైస్తవ గృహిణులకు ఒక అలవాటు ఉండేది. అన్నానికి బియ్యం కొలిచాక, కడిగే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలోనో డబ్బాలోనో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ దోర్నకల్ ప్రాంతపు పల్లె సంఘాల్లోనూ ఈ ఆచారం ఉండేది. కూలి చేసుకుని బతికే ఆడవాళ్ళ చేతిలో డబ్బు ఆడేది కాదు. కానీ బియ్యం కొలిచే చెయ్యి ఆమెదే. కాబట్టి కానుకా ఆమెదే.

మిజోరం స్త్రీలు ఇదే పద్ధతిని 1910లో మొదలుపెట్టారు. అక్కడ దాన్ని 'బుహ్‌ఫై థామ్' అంటారు. పూట పూటకీ గుప్పెడు చొప్పున తీసిన ఆ బియ్యం నేడు అక్కడి సంఘాలకు ఏటా కోట్ల రూపాయలుగా చేరుతోంది. చిన్న గుప్పిటని తక్కువగా చూడకండి మరి!

మా అత్తయ్యకి కూడా అలాంటి డబ్బా ఒకటి ఉండేది. పాత డాల్డా డబ్బా. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో వంట నా చేతికి వచ్చాక, ఆ గుప్పెడు వెయ్యటం కూడా నా పనే అయింది. మాటల్లేని ఆ పదకొండు రోజులూ నేను వెయ్యలేదు. అది ఆవిడ డబ్బా కదా అని కక్ష! దేవుడి బియ్యం మీద కూడా అత్తాకోడళ్ళ పంతం. ఆవిడ చూశారు. ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడు చాలా ఇళ్ళలో కవరులో డబ్బు పెట్టి ఇస్తున్నాం. తప్పు లేదు. కానీ ఆ గుప్పెడులో ఒక మేలు ఉంది. పొద్దునా సాయంత్రం, ఎసరు మరిగే వేళకి, 'ఇంట్లో లేని మనిషి ఒకరున్నారు, వాళ్ళకీ ఆకలేస్తుంది' అని చెయ్యి గుర్తు చేస్తుంది. పిల్లలు చూస్తారు. వాళ్ళకి వేరే ప్రసంగం అక్కర్లేదు.

కిటికీలో స్టీలు గ్లాసు

ఇది రాయటానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా రాస్తాను.

మా పనిమనిషికి టీ ఇవ్వటానికి విడిగా ఒక గ్లాసు ఉండేది. పెరటి కిటికీలో బోర్లించి ఉండేది. ఎప్పుడు మొదలైందో, ఎవరు పెట్టారో ఆలోచించలేదు. మా అమ్మ ఇంట్లోనూ ఉండేది, నా ఇంట్లోనూ ఉంది. అంతే.

ఆమె కూడా మా గుడికే వచ్చేది. ఒక నెల మొదటి ఆదివారం, సంస్కారం తీసుకోవటానికి మోకరించినప్పుడు, నా పక్కనే ఆమె ఉంది. మా గుళ్ళో ఒకే గిన్నె. అయ్యగారు అది ఆమె పెదవులకు అందించారు. ఆ తర్వాత నాకు. నేను తాగాను. మర్నాడు సోమవారం ఆమె పనికి వచ్చి, టీ కోసం కిటికీలో గ్లాసు తీసుకుంది.

నా గుండెలో ఏదో కలుక్కుమంది. నిన్న దేవుడి బల్ల దగ్గర ఒకటే గిన్నె, ఇవాళ నా వంటింట్లో రెండు గ్లాసులా! ఏది నిజం? గుళ్ళో నేను చేసిందా, ఇంట్లో చేస్తున్నదా?

ఆ రోజు అందరం తాగే గ్లాసులోనే టీ ఇచ్చాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తీసుకుంది. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు అలవాటుగా కిటికీ వైపే చెయ్యి చాపింది. ఆ గ్లాసు అక్కడ లేదు, తీసేశాను. నేనేదో ఘనకార్యం చేశానని చెప్పటం లేదు. ఇన్నేళ్ళు పట్టిందని చెబుతున్నాను.

గ్లాసు ఒక్కటే కాదు. పండగనాడు సెలవిస్తున్నామా? కొత్త చీర ఇచ్చేటప్పుడు మనకి నచ్చనిదే ఏరి ఇస్తున్నామా? ఒంట్లో బాగాలేక రాకపోతే జీతం కోస్తున్నామా? మన విశ్వాసం సంగతి పాస్టరు గారికంటే మన పనిమనిషికే బాగా తెలుసు.

ప్రధానంనాటి పక్క గది

పెళ్ళిళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే. ప్రధానంనాడు ముందు గదిలో పాట, వాక్యం, ప్రార్థన. పక్క గదిలో లెక్క. కట్నం అనం, 'లాంఛనాలు' అంటాం, 'అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదా' అంటాం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దానికంటే ఎంతో ముందు వచ్చిన సువార్త కూడా మన చేతిలోనే ఉంది. మగపిల్లాడి తల్లులారా, ఈ ఒక్క చోట మీ మాటకి విలువ ఎక్కువ. ఆ పక్క గదిలోకి వెళ్ళకుండా కూర్చోవటం కూడా ఒక సాక్ష్యమే.

టైము ఎక్కడుందండీ?

"పొద్దున్నే లేచింది మొదలు క్యారియర్లు, బట్టలు, మంచినీళ్ళు... ప్రార్థనకి టైము ఎక్కడుంది?" అని అడిగే సోదరీమణులు చాలామంది. లూకా సువార్తలోని మార్త కథ చెప్పి ఆడవాళ్ళను మందలించటం మన గుళ్ళలో మామూలే. మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంటే మార్త వంటపనిలో సతమతమైందని కదా కథ. కానీ యేసు తప్పుపట్టింది వంటను కాదు. చెయ్యి ఒక చోట, చిరాకు నాలుగు చోట్ల ఉండటాన్ని. ఆ ఇంట్లో ఆయన భోజనం చేసే ఉంటాడు, అదీ మార్త చేతి వంటే!

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవాడు. ఆయనకు అప్పగించింది వంటపని. మొదట్లో ఆ పని ఇష్టం లేదు. తర్వాత గిన్నెల మధ్యనే దేవుడితో మాట్లాడుకోవటం నేర్చుకున్నాడు. గుళ్ళో మోకరించినప్పుడు ఎంత ప్రశాంతంగా ఉండేవాడో, వంటింటి సందడిలోనూ అంతే ప్రశాంతంగా ఉండేవాడట. మనకీ చేతకానిదేం కాదు. కూరగాయలు తరిగేటప్పుడు ఇంట్లో ఒక్కొక్కరి పేరు తలుచుకోండి. ఎవరి పేరు దగ్గర కత్తి విసురుగా పడుతోందో, ఆ పేరు దగ్గర ఇంకాస్త ఆగండి.

పిల్లలు కూర్చోవటం లేదా?

పిల్లల్ని అరిచి, కొట్టి ప్రార్థనకు కూర్చోబెడితే వాళ్ళకి గుర్తుండేది అరుపే. పెద్దవాళ్ళ ప్రార్థన గంటసేపు సాగితే పిల్లలు నిద్రపోవటం తప్పు కాదు. పది నిమిషాలు చాలు. ఒక రోజు పాట వాళ్ళనే ఎంచుకోనివ్వండి. వాక్యం వాళ్ళతోనే చదివించండి, తెలుగు తడబడితే నవ్వకండి. సెల్‌ఫోన్లు ఒక బుట్టలో వెయ్యమనండి, ముందు మీది వెయ్యండి.

పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో ఇద్దరు ఆడవాళ్ళ పేర్లున్నాయి. అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే. తిమోతి విశ్వాసం మొదట వాళ్ళలో కనిపించిందంటాడు పౌలు. వాళ్ళు ఏం చెప్పారో అక్కడ లేదు. ఆ పిల్లవాడు ఇంట్లో ఏం చూశాడో మనం ఊహించుకోవచ్చు.

గోడ అవతలి పళ్ళెం

క్రిస్మస్‌కి కేకు, అరిసెలు, గులాబీ పువ్వులు పళ్ళెంలో సర్ది ఇరుగుపొరుగులకు పంపటం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. సంక్రాంతికి అటు నుంచి పొంగలి, రంజాన్‌కి సేమ్యా వస్తాయి. దేవుడికి పెట్టినది తినాలా వద్దా అన్న ప్రశ్న పౌలు కాలం నుంచీ ఉంది. కొరింథీ సంఘానికి ఆయన దాని గురించి వివరంగానే రాశాడు. మీ మనస్సాక్షి ఏం చెబితే అది చెయ్యండి. కానీ తెచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపెయ్యకండి. తీసుకోలేకపోతే, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ చెప్పండి. వాళ్ళు చదివే బైబిలు చాలాసార్లు మన మొహమే.

ఓర్పుకీ హద్దుంది

ఇంతవరకు క్షమించండి, మీరే ముందు కదలండి అని రాశాను. ఇది చదివి తన్నులు తింటున్న ఏ చెల్లెలూ 'నేనే సర్దుకోవాలి కాబోలు' అనుకోకూడదు.

తాగి వచ్చి కొట్టే భర్త గురించి చెప్పుకుంటే, "నీ సిలువ నువ్వు మొయ్యమ్మా" అని పంపేసే పెద్దలు ఇంకా ఉన్నారు. అది సిలువ కాదు, నేరం. సిలువను యేసు తన ఇష్టంతో ఎత్తుకున్నాడు. ఇక్కడ ఒకరి చేతి బరువు ఇంకొకరి వీపు మీద పడుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి? క్షమించటం అంటే మళ్ళీ కొట్టటానికి అవకాశం ఇవ్వటం కాదు. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది. కొట్టటమే కాదు, తిట్లతో హింసించటం, ఖర్చులకు డబ్బు ఇవ్వకుండా ఏడిపించటం కూడా దాని కిందికి వస్తాయి. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆ చట్టం ఇస్తుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోను చెయ్యవచ్చు. అలా చేస్తే విశ్వాసం తప్పినట్టు కాదు.

పక్కింట్లో అలాంటి అరుపులు వినిపిస్తే కిటికీ మూసి ప్రార్థన మొదలుపెట్టకండి. ముందు వెళ్ళి తలుపు తట్టండి.

ఈ వారం చేసి చూడండి

1. ప్రార్థనకు చాప పరిచే ముందు, ఇంట్లో ఎవరితో మాటల్లేవో చూసుకోండి. వెళ్ళి ఒక్క మాట కదపండి. 'కాఫీ తాగుతారా' అన్నా చాలు.

2. ప్రార్థనలో ఇంకొకరి తప్పులు ఎత్తకండి. దేవుడికి ఇంటి రహస్యాలు తెలుసు.

3. కోపాన్ని కూరలా రాత్రికి నిలవ పెట్టకండి. పొద్దు గుంకకముందే దాన్ని దించెయ్యమని పౌలు ఎఫెసీ సంఘానికి రాసిందీ ఆ అర్థంతోనే. కూర ఫ్రిజ్‌లో అయినా ఆగుతుంది, కోపం ఆగదు, పులుస్తుంది.

4. బియ్యం డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా పెట్టండి. పూటకో గుప్పెడు. నెల తిరిగాక ఎవరికి ఇవ్వాలో పిల్లల్నే అడగండి.

5. మీ ఇంట్లో కిటికీ గ్లాసు ఉందేమో చూడండి. ఉంటే ఈ రోజే లోపలికి తెచ్చెయ్యండి.

6. పిల్లల ముందు తప్పు చేస్తే, పిల్లల ముందే ఒప్పుకోండి. పరువు పోదు. నేను చూశాను కదా!

చివరిగా ఒక్క మాట

ఆ తర్వాత మా అత్తయ్య ప్రార్థనలో చురకలు వెయ్యటం పూర్తిగా మానేశారని చెబితే అబద్ధమవుతుంది. అప్పుడప్పుడూ వేసేవారు. కానీ ఆమెన్ అవగానే నేను, "అత్తయ్యా, అది నాకేనా?" అని అడిగేదాన్ని. ఆవిడ, "నీకు తగిలితే నీకే" అనేవారు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మేం మళ్ళీ దెబ్బలాడుకోలేదని కాదు. మళ్ళీ పదకొండు రోజులు పట్టలేదు.

ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మధ్య పెళ్ళయింది. వేరే కాపురం పెట్టించటానికి వెళ్ళినప్పుడు, మా కోడలి వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒక ఖాళీ హార్లిక్స్ సీసా కనిపించింది. అడుగున నాలుగైదు గుప్పిళ్ళ బియ్యం. "ఇదేంటమ్మా?" అంటే, "ఏమో అత్తయ్యా, వంట చేసే ముందు ఇందులో గుప్పెడు వెయ్యమన్నారు మీ అబ్బాయి" అంది.

వాడికి నేను ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. వాడు చూశాడు, అంతే.

ఈ రాత్రి మీ ఇంట్లో చాప పరుస్తారు కదా. దానికి ఇంకా టైముంది. ముందు లేచి, ఆ పక్క గదిలోకి ఒకసారి వెళ్ళి రండి.